సీలు తియ్యని సీసాలు

డెయిరీలో అతన్ని అందరూ సీలుగారు అనే పిలుస్తారు. పాలు పరీక్షించే గదిలో ఉద్యోగం. పాల క్యాను లోపలికి రాగానే ముందు మూత చూస్తాడు, మూత మీద సీలు చూస్తాడు, ఆ తర్వాతే క్యాను మోసుకొచ్చిన మనిషి మొహం చూస్తాడు. పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు కూడా కూల్‌డ్రింకు సీసా మూత తన కళ్లముందే తియ్యమన్నాడనీ, ఆ హడావుడిలో పిల్లని చూడటం మర్చిపోయాడనీ అక్కడివాళ్లు చెప్పుకుని నవ్వుకుంటారు. పిల్లని చూడలేదన్నది అబద్ధం. మూత సంగతి నిజమే.

ఆ పిల్లే ఇప్పుడు పరాయి దేశంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సెలవు మీద వచ్చి వెళ్లాక నెల తప్పింది. పురిటికి రావాలనే అనుకుంది గానీ సెలవు దొరికేసరికి నెలలు నిండాయి, విమానంవాళ్లు ఎక్కించుకోం అనేశారు. అలా పుట్టింటికి రాలేని కూతురి దగ్గరికి పుట్టిల్లే బయలుదేరింది. పుట్టిల్లంటే ఎంతమంది గనక, అమ్మ ఒక్కతే. ఆవిడకి విమానం కొత్త, దేశాలు కొత్త, భాష ఒకటే వచ్చు. కాబట్టి అల్లుడు వెంటబెట్టుకుని తీసుకెళ్లాలి.

"మా అమ్మని మీ చేతుల్లో పెడుతున్నాను. తిండీ నీళ్లూ మీరు చూసుకుంటే నాకింక దిగుల్లేదు" అంది భార్య ఫోనులో.

"అది నువ్వు నాకు చెప్పాలా?" అన్నాడు సీలుగారు.

అత్తగారిది పిండిమర. భర్త పోయాక మర తనే నడిపింది. ఆ మోతలో మాట వినపడాలంటే అరవాలి కనుక ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. పిండి తక్కువొచ్చిందని ఎవరైనా సణిగితే వాళ్ల తాతముత్తాతల్ని కూడా కలిపి దులిపేసేది. అలాంటి మనిషి అల్లుడి ముందు మాత్రం గుసగుస. ఆయన హాల్లో కూర్చుంటే ఆవిడ వంటింట్లో, ఆయన వంటింటి వైపొస్తే ఆవిడ పెరట్లో. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు నిదానంగా చూసుకున్నది ఫోటోల్లోనే. అల్లుడంటే భయమా అంటే భయం కాదు. మర్యాద. ఆ మర్యాద మీద ఈ కథ చెప్పేవాళ్లకి ఎంత కోపమున్నా, ఆవిడకి అది ఒంటి మీది చీరలాంటిది, తీసి పక్కన పెట్టేది కాదు.

మధ్యలో ఒక దేశంలో విమానం మారాలి. వీళ్లు దిగారో లేదో ఆ విమానాశ్రయంలో సామాన్లు మోసేవాళ్లు, బళ్లు నడిపేవాళ్లు అందరూ పని ఆపేశారు. విమానాలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. విమానం కంపెనీవాళ్లు కొందరిని మంచి హోటళ్లకి పంపారు. వరసలో వెనకున్న వీళ్లకి ఊరి మధ్యలో ఒక లాడ్జీ దొరికింది. ఇరుకు మెట్లు, తడి వాసన కొట్టే తివాచీ. వరండాకి అటొకటీ ఇటొకటీ రెండు గదులు తీసుకున్నాడు సీలుగారు. అత్తగారితో ఒకే గదిలో ఉండటం అన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు.

గదిలో సామాను పెట్టీ పెట్టగానే అల్లుడు గుమ్మం బయట నిలబడి పాఠం మొదలెట్టాడు. అత్తగారు తలుపు వెనక నిలబడి విన్నది.

"అత్తయ్యగారూ, ఇక్కడి నీళ్లు మనకి పడవు. పంపు నీళ్లు నోట్లో పొయ్యకూడదు. పళ్లు తోముకుని పుక్కిలించడానికి కూడా సీసా నీళ్లే. ఐసు ముట్టుకోవద్దు. కోసిన పండు వద్దు, పచ్చికూర వద్దు, పొగలు కక్కుతుంటేనే తినాలి. సీసా మూత తిప్పితే టక్కుమని చప్పుడు రావాలి. రాలేదంటే ఎవరో నింపి పెట్టినట్టు, పారబొయ్యండి. నేను లేనప్పుడు బయటికి మాత్రం వెళ్లొద్దు. భాష రాదు, దారి తెలీదు, ఎవరేం చేతిలో పెట్టినా మొహమాటానికి తినేస్తారు."

"అలాగే బాబూ" అన్నది తలుపు వెనకనుంచి గొంతు.

అంగడికి వెళ్లి సీసాలు తానే ఎంచి తెచ్చాడు. ఒక్కొక్కదాన్నీ వెలుగుకి ఎత్తి చూసి, తలకిందులు చేసి, మూత కింద గీత తడిమి మరీ తీసుకున్నాడు. అంగడివాడు వింతగా చూశాడు, అతను పట్టించుకోలేదు. అవన్నీ అత్తగారి గదిలో కిటికీ కింద వరసగా పేర్చి, నీళ్ల సంగతి తేలిపోయిందన్నట్టు చేతులు దులుపుకున్నాడు. ఇంటినుంచి తెచ్చిన అటుకులు, పొడులు ఎలాగూ ఉన్నాయి. అన్నం లాడ్జీ వంటగదిలో తన కళ్లముందే వండించి తెచ్చి గుమ్మంలో అందించి పోయేవాడు.

పొద్దున్నే విమానం కంపెనీ ఆఫీసుకి పోవాలి. పెద్ద హాలు, ఇనప కుర్చీలు, గోడ పొడుగునా జనం. అద్దం వెనక కూర్చున్న అమ్మాయి అందరికీ ఒకే జవాబు చెప్పేది: రేపు రండి. వెళ్లకపోతే రాబోయే విమానంలో చోటు ఇంకొకరికి పోతుందని భయం. సాయంత్రందాకా అక్కడే నిలబడేవాడు. అటునుంచి భార్య ఫోను: "ఎప్పుడొస్తారు? డాక్టరు ఇంక ఏ రోజైనా అంటోంది." ఈ కబురు రాత్రికి అత్తగారికి చెప్పి, తన ఫోను ఆవిడ చేతికిచ్చేవాడు. ఆవిడ ఫోను ఆ దేశంలో పనిచేయలేదు. తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటుంటే అతను వరండాలో అక్కడే నిలబడి ఉండేవాడు, ఫోను తిరిగి తీసుకోవాలి కదా మరి.

రెండోనాటి సాయంత్రం తలుపు తట్టేసరికి ఆవిడ వెంటనే తియ్యలేదు. తీశాక కూడా తలుపు పట్టుకునే నిలబడింది.

"ఒంట్లో బాగాలేదా అత్తయ్యగారూ?"

"కాస్త వేడి చేసినట్టుంది బాబూ. ఏం లేదు."

"మరి నీరసంగా ఉన్నారే?"

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, నేల చూస్తూ, చెప్పలేక చెప్పింది: "పొద్దుట్నుంచి నాలుగైదుసార్లు బయటికెళ్లొచ్చాను."

సీలుగారికి ఒళ్లు మండింది. అంతలా చెప్పి వెళ్తే నాలుగైదుసార్లా?

"బయటికా? ఎందుకెళ్లారండీ? వద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"నా చేతిలో ఉందా బాబూ" అన్నది ఆవిడ, ఇంకా చిన్న గొంతుతో.

"మీ చేతిలో కాకపోతే ఎవరి చేతిలో ఉంటుంది? కాస్త ఓర్చుకోవాలి. ఇలా మాటిమాటికీ బయటికి పోతుంటే రేపు మిమ్మల్ని విమానంలో ఎలా తీసుకెళ్లను? మీ అమ్మాయికి నేనేం జవాబు చెప్పను? ఇంక వెళ్లొద్దు. అంతే."

ఆవిడ తల ఊపింది. ఏమీ తోచక వీధుల్లో తిరిగి ఎండకి వేడి చేసుకుందని అతను అనుకున్నాడు. జ్వరం బిళ్ల ఒకటి సీసా పక్కన పెట్టాడు. ఫోను కలిపి ఇచ్చాడు. "తిన్నానే, బాగానే ఉన్నానే, నువ్వు జాగ్రత్త" అని కూతురికి చెప్పి ఆవిడ ఫోను తిరిగి ఇచ్చేసింది. నిండు మనిషికి ఏ తల్లి మాత్రం ఇంకేం చెబుతుంది? అందులోనూ అల్లుడు పక్కనే నిలబడి ఉంటే?

మర్నాడు సాయంత్రం అతనే నవ్వుతూ అడిగాడు, నిన్న కాస్త గట్టిగా అన్నానేమోనని: "ఇవాళ బయటికెళ్లలేదు కదా?"

"ఒక్కసారేనండీ. మీరు చెప్పాక తగ్గించుకున్నాను."

"ఆ ఒక్కసారి కూడా వద్దు."

"సరే బాబూ."

ఆవిడ పెదాలు పొట్టు లేచి ఉన్నాయి. కళ్లు లోపలికి పోయాయి. గదిలో దీపం మసక, పైగా అతను అత్తగారి మొహం కేసి తేరిపార చూసే అల్లుడు కాడు. కిటికీ కింద సీసాలు మాత్రం చూశాడు, అవంటే ఎప్పుడైనా చూస్తాడు. నిన్న ఉన్నన్నీ ఉన్నట్టే అనిపించాయి.

"నీళ్లు తాగుతున్నారా?"

"దాహం లేదు బాబూ."

చల్లటి ఊరు కాదు, చెమట కారే ఊరు. దాహం లేకపోవడమేమిటని అడగాల్సింది. అడగలేదు. ఆ రోజే అద్దం వెనక అమ్మాయి "రేపు రండి" అనకుండా "రేపు మధ్యాహ్నం విమానం ఉండొచ్చు" అంది. ఆ సంతోషంలో ఉన్నాడు.

తెల్లవారి తలుపు తడితే జవాబు రాలేదు. మళ్లీ తట్టాడు, పిలిచాడు. కింద కూర్చునే లాడ్జీ మనిషిని లేపుకొచ్చి తలుపు తీయించాడు. ఆవిడ స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. తెలివుంది గానీ లేవలేకపోతోంది. చీర చెదిరిపోయింది. అల్లుడి అడుగుల చప్పుడు వినగానే చేత్తో తడుముకుంటూ కుచ్చెళ్లు కప్పుకోబోయింది, అందలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అలిసిపోయిన మనిషి. ఆమెకీ సీలుగారికీ అంతంతమాత్రంగా వచ్చిన ఒక మూడో భాషలో మాట్లాడుకున్నారు. డాక్టరమ్మ మంచం మీదున్న అత్తగారి చేతి చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది పిండిముద్దలా, పట్టినచోట పట్టినట్టే నిలబడిపోయింది.

"విరేచనాలు ఎన్నాళ్లుగా?"

"విరేచనాలు కావు. వేడి చేసింది. ఎండలో తిరిగింది."

డాక్టరమ్మ అతని కేసి ఒక చూపు చూసింది. "ఆమెని అడుగు."

అతను మంచం మీదికి వంగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారి మొహాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. "అత్తయ్యగారూ, విరేచనాలేమైనా అయ్యాయా?"

ఆ మాట అల్లుడి నోట వినేసరికి ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది.

"చెప్పాను కదా బాబూ."

"నాకా? ఎప్పుడు చెప్పారు?"

"బయటికెళ్లొస్తున్నానని చెప్పలేదూ? మీరేగా వెళ్లొద్దన్నారు." గొంతు ఎండిపోయి మాట గీసుకుంటూ వస్తోంది. "నోరు కట్టేసుకుంటే కడుపూ కట్టుకుంటుందని, ఆ రాత్రినుంచి ఏదీ ముట్టుకోలేదు. చుక్క నీళ్లు కూడా తాగలేదు. చాలా తగ్గింది బాబూ. మీ మాట తీసెయ్యలేదు."

సీలుగారు హాస్టళ్లలో పెరిగినవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. అమ్మలూ అమ్మమ్మలూ సిగ్గుపడి చాటుగా వాడే మాటలు అతనికి నేర్పినవాళ్లు లేరు. హాస్టల్లో కడుపు పాడైతే పాడైందని గట్టిగా అరిచి చెప్పుకునేవాళ్లు. బయటికి వెళ్లడం అంటే అతనికి తెలిసినదల్లా గేటు దాటి వీధిలోకి వెళ్లడం. వీధి దాటని మనిషిని పట్టుకుని వీధిలోకి ఎందుకు వెళ్లావని కేకలేశాడు. ఆవిడేమో కడుపుని అదుపులో పెట్టుకోమన్నాడనుకుంది. పెట్టుకుంది.

మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. "నేనన్నది అది కాదు అత్తయ్యగారూ, వీధిలోకి వెళ్లొద్దన్నాను, వీధిలోకి" అని చెప్పబోయాడు. ఎలా చెప్పాలి? తాగకపోవడం వల్లే చచ్చిపోబోతున్నారని చెప్పినట్టవుతుంది.

చేతికి సెలైను పెట్టారు. నరం దొరక్క మూడుచోట్ల పొడిచారు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు గ్లాసులో తెచ్చి, తాగగలిగితే కొంచెం కొంచెంగా చెంచాతో పొయ్యమన్నారు. అతను చెంచా పెదాలకి ఆనించాడు. ఆవిడ పెదాలు బిగించింది.

"తాగండి అత్తయ్యగారూ."

"వద్దు బాబూ. మళ్లీ బయటికెళ్లాల్సొస్తుంది. ఇక్కడ నన్నెవరు తీసుకెళ్తారు? మీరొక్కరే ఉన్నారు."

"నేనే ఎత్తుకుని తీసుకెళ్తాను. ఎన్నిసార్లైనా తీసుకెళ్తాను. మీ కొడుకునైతే తీసుకెళ్లనా? తాగండమ్మా."

"ఛ, తప్పు. అల్లుడుగారు మీరు" అన్నది ఆవిడ. పిండిమర మోతలో ఊరందరి నోళ్లూ మూయించిన ఆ గొంతు, ఒక చెంచా నీళ్లు తప్పించుకోవడానికి బతిమాలింది. అతను మళ్లీ పొయ్యబోతే నీళ్లు పెదాల చివరనుంచి మెడ మీదికి కారిపోయాయి.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. మూత్రపిండాలు ఆగిపోయాయని డాక్టరమ్మ చెప్పింది. ఒక రోజు ముందు తీసుకొచ్చినా బతికేదని కూడా చెప్పింది. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది, కానీ ఆమె ఉద్యోగం ఆమెది. పొద్దు వాలకముందే అత్తగారు పోయింది. మధ్యాహ్నం విమానం అప్పటికే వెళ్లిపోయింది.

సామాను తీసుకోవడానికి లాడ్జీ గదికి వచ్చాడు. కిటికీ కింద సీసాలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి, ఒక్కటి తప్ప అన్నిటికీ సీలు అలాగే ఉంది. స్నానాలగదిలో పంపు కింద ఆవిడ ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసు బోర్లించి ఉంది, పంపు చుక్కలు పడి ఇంకా తడిగానే ఉంది. సీసాకి నోరు పెట్టి తాగడం ఆవిడ ఎరగదు. గ్లాసు కడక్కుండా నీళ్లు పోసుకోవడం అంతకన్నా ఎరగదు. సీసా మూత తిప్పి, టక్కుమన్న చప్పుడు వినే ఉంటుంది, పాఠం ప్రకారం. ఆ నీళ్లు పోసుకునే ముందు పంపు తిప్పి గ్లాసు శుభ్రంగా కడుక్కుని ఉంటుంది. అన్నీ చెప్పిన సీలుగారు గ్లాసు పంపు నీళ్లతో కడగొద్దని చెప్పలేదు. శుభ్రం కోసం చేసే పనిని కూడా వద్దనాలని ఎవరికి తోస్తుంది? దానికి అతన్ని ఎవరైనా క్షమించొచ్చు. రోగం అంటించింది ఆ గ్లాసైనా, నీళ్లు మాన్పించింది మాత్రం గ్లాసు కాదు.

అతను మంచం మీద కూర్చుని ఏడ్చాడు. ఏడుస్తుండగానే ఫోను మోగింది. ఆసుపత్రినుంచి కబురు ముందే పంపించాడు, పోయిందని మాత్రమే, ఎలా పోయిందో రాయలేదు. భార్య ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురు పోయి ఉంది. పక్కన ఎవరో ఆడమనిషి ఊరుకోమంటున్న మాట వినిపిస్తోంది.

"ఏమండీ, మీరు దగ్గరున్నారు, అది చాలు. మీరేం మనసులో పెట్టుకోకండి. తిండీ నీళ్లూ దగ్గర మీరెంత చాదస్తమో నాకు తెలీదా? అమ్మకి రాసిపెట్టినది అంతే."

ఇక్కడితో ఊరుకోవచ్చు. ఆమె కడుపులో బిడ్డ, ఏ రోజైనా పురుడు. రాసిపెట్టినది అంతే అని అతనూ అనేసి ఫోను పెట్టేస్తే, ఈ భూమ్మీద దాన్ని కాదనేవాళ్లు లేరు. ఉన్న ఒక్క మనిషి ఆసుపత్రి గదిలో గుడ్డ కప్పుకుని ఉంది. అతనికి ఆ ఆశ పుట్టింది కూడా. "ఊ" అన్నాడు.

"ఒక్కటి చెప్పండి" అంది భార్య. "కొడుకుల్లేని మనిషి. చివర్లో అమ్మ నోట్లో నీళ్లు మీరే పోశారా?"

"పోశాను."

"తాగిందా?"

అవునంటే చాలు. ఆ ఒక్క మాట కోసమే ఆమె అడిగింది. అవునని అనడానికే నోరు తెరిచాడు, కానీ మెడ మీదికి కారిపోయిన నీళ్లు కళ్లముందు కదిలాయి.

"తాగలేదు."

"అయ్యో, ఎందుకని?"

"మళ్లీ బయటికెళ్లాల్సొస్తుందంది."

అవతల ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆ తల్లి పెంచిన కూతురు. ఆ మాటకి అర్థం ఆమెకి ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు.

"అంటే అమ్మకి..." అంది, వెంటనే అడిగింది: "వెళ్తే ఏమైంది? బయటికెళ్లొద్దని అమ్మతో ఎవరన్నారండీ?"

"నేనే" అన్నాడు అల్లుడు.